బోర్డు మీద దొంగ

ఆల్జీబ్రా సారు బోర్డు మీద తప్పు రాస్తే దాన్ని తప్పు అనకూడదు, దొంగ అనాలి. యూనివర్సిటీ లెక్కల విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకి కూడా వారం తిరిగేసరికి ఈ సంగతి తెలిసిపోయేది. ఆయన పొడుగాటి రుజువు రాస్తూ రాస్తూ, బుద్ధి పుట్టినప్పుడు మధ్యలో ఎక్కడో కావాలని ఒక తప్పు దూర్చేవారు. దూర్చి, ఏమీ ఎరగనట్టు ముందుకి సాగిపోయేవారు. గంట కొట్టబోయే ముందు చేతికంటిన సుద్ద దులుపుకుని, క్లాసు వైపు తిరిగి, "ఇవాళ దొంగ ఉన్నాడు, పట్టారా?" అనేవారు. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి బోర్డు వంక చూసేవారు. దొంగని పట్టుకున్న పాఠాన్ని ఎవడూ జన్మలో మరిచిపోడని ఆయన సిద్ధాంతం.

ఈ కథలో అమ్మాయి తన మొదటి దొంగని రెండో ఏడాదిలో పట్టుకుంది. సారు సమీకరణానికి రెండు పక్కలా ఉన్న ఒకే అక్షరాన్ని అడ్డంగా కొట్టేసి చక్కా పోయారు. ఆమె చెయ్యెత్తి, "సార్, మీరు కొట్టేసింది సున్నా అయి ఉంటేనో?" అంది. అలా కొట్టేయడమంటే దానితో భాగించడమే, సున్నాతో భాగించడం లెక్కల్లో మహాపరాధం. అయితే సున్నా అక్షరం ముసుగేసుకుని కూర్చుంటే అది సున్నా అని ఎవరికీ తోచదు. సారు ముఖం చేటంత అయింది. "దొరికాడు," అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి నడిచి వెళ్ళలేదు, గాల్లో తేలుకుంటూ వెళ్ళింది. టీచరంటూ అయితే ఇలాంటి టీచరే అవ్వాలని ఆ దారిలోనే తీర్మానించేసుకుంది.

ఇంట్లో ఉండేది అన్నయ్య, వదిన. అమ్మానాన్నలు పోయాక ఆమెని పెంచిందీ, చదివించిందీ వాళ్ళే. అన్నయ్య ఎలక్ట్రీషియను. భుజాన వైరు చుట్ట, జేబులో టెస్టరు, నోటినిండా వేళాకోళం. చిన్నప్పుడు ఆమె సుద్దముక్కతో తలుపుల మీద కూడికలు వేసేదని పంతులమ్మ అని పేరు పెట్టాడు, ఇక అసలు పేరుతో పిలవడం మానేశాడు.

"ఏంటే పంతులమ్మా, ఇవాళేం చదివావు?"

"రింగులు."

"అవి నేనూ బిగిస్తాను, గొట్టాలకి. వాటికి ఇన్నేళ్ళు చదవాలా?"

"అవి వేరన్నయ్యా, ఇవి లెక్కల్లో రింగులు."

"పోనీ, ఈ రింగులు రేపు నువ్వు హైస్కూలు పిల్లలకి చెప్తావా?"

"చెప్పను."

"మరెందుకే ఈ తంటా?"

"చెప్పేదాని వెనకాల ఏముందో నాకు తెలియాలి కదా."

"మీటరు వెనకాల ఏముందో తెలియకపోయినా లైటు వెలుగుతుందే," అనేవాడు. అనడం వరకే. ఏ ఇంట్లో ఫ్యాను బాగుచెయ్యడానికి వెళ్ళినా, స్టూలు దిగేలోపల 'మా చెల్లెలు లెక్కల టీచరు కాబోతోంది' అన్న మాట ఆ ఇంటివాళ్ళ చెవిన పడేసేవాడు. వదిన ఇంకో అడుగు ముందుకేసి, స్కూలుకి పట్టుకెళ్ళడానికని మంచి తోలు సంచీ ఒకటి కొని, బీరువా పైఅరలో దాచిపెట్టింది. దుమ్ము పడుతుందని దానికి పాత దిండు గలీబు కూడా తొడిగింది.

లెక్కలతోపాటు టీచరు ట్రైనింగూ కలిసిన చదువు కాబట్టి చివరి ఏడాది సగం యూనివర్సిటీలో, సగం హైస్కూల్లో. ఆమె వెళ్ళిన స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఆమెని చూసిన రోజే 'చిన్న మేడమ్' అనేశారు. దాంతో అప్పటివరకూ ఉట్టి మేడమ్‌గా ఉన్న అసలు లెక్కల టీచరు పెద్ద మేడమ్ అయిపోయారు. ఆవిడ మనసు వెన్న. క్లాసులో మాత్రం వెన్న అని తెలియనివ్వరు. ఎక్కడ నిలబడితే వెనక బెంచీ కూడా కనపడుతుందో, సుద్ద ఎలా పట్టుకుంటే కీచుమనదో, అల్లరి చేసేవాణ్ణి తిట్టకుండా ఎలా కూర్చోబెట్టాలో, యూనివర్సిటీ నేర్పని విద్యలన్నీ ఆవిడే నేర్పారు. ఆ ఏడాదితో ఆవిడ రిటైరవుతున్నారు.

"హెడ్మాస్టరుతో మాట్లాడేశానమ్మాయ్," అన్నారు ఒకరోజు స్టాఫ్ రూములో టీ తాగుతూ. "చివరి పాఠం గట్టెక్కావంటే నా కుర్చీ నీదే. నా పిల్లల్ని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టి పోవడం నాకిష్టం లేదు."

చివరి పాఠం అంటే ఆ చదువు మొత్తానికి గుమ్మం లాంటిది. యూనివర్సిటీ నుంచి అబ్జర్వర్ సారు వచ్చి వెనక కూర్చుంటారు. పాఠం ఎలా సాగుతుందో ముందే లెసన్ ప్లాన్ రాసి ఆయనకి ఇవ్వాలి. ఆయన పాస్ అంటే టీచరు. కాదంటే మిగతా పేపర్లలో నూటికి నూరొచ్చినా ఆ ఏడాదంతా మళ్ళీ చదవాలి, మళ్ళీ ఏదో స్కూల్లో మొదటి నుంచీ పాఠాలు చెప్పుకోవాలి.

ఇక్కడే ఆమెకి ఆల్జీబ్రా సారు గుర్తొచ్చారు. గుర్తురాకపోతే ఎంత బావుండేదో. చివరి పాఠంలో తనూ ఒక దొంగని పెట్టాలనుకుంది. తనని టీచరు చెయ్యబోయే పాఠంలో తనకి టీచరు కావాలనిపించిన పని చెయ్యకపోతే ఇంకెప్పుడు చేస్తుంది? అంతవరకూ తప్పులేదు. తీరా లెసన్ ప్లాన్ రాయడానికి కూర్చున్నాక మాత్రం దొంగ సంగతి అందులో రాయలేదు. వస్తున్నానని చాటింపు వేయించుకుని వచ్చేవాడు దొంగెలా అవుతాడు అనుకుంది. ప్లాన్ ముందుగా పెద్ద మేడమ్ చూస్తారు, చూస్తే పొరపాటున పిల్లల దగ్గర నోరు జారతారేమోనని ఇంకో భయం. లెక్కలు చదివినవాళ్ళకి ఇలాంటి పట్టింపులు జాస్తి. మామూలు మనుషులైతే ప్లాన్‌లో ఒక ముక్క రాసి పడేసి హాయిగా నిద్రపోయేవారు.

పైగా ఆమెకి ఒక ధీమా ఉంది. ఆ ధీమా పేరు ఎందుకమ్మ. అది పిల్లలు పెట్టిన పేరే. ఆ అమ్మాయి ఏం చెప్పినా 'ఎందుకు మేడమ్?' అంటుంది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ అంటే ఎందుకు. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే సరళకోణమంటే ఎందుకు, ఎవరు కొలిచారు, అన్ని త్రిభుజాలూ కొలిచారా. దాని ప్రశ్న మొదలయ్యేసరికి క్లాసంతా నెత్తి పట్టుకునేది. చిన్న మేడమ్ మాత్రం లోలోపల పొంగిపోయేది. ఎవరు పట్టుకోకపోయినా ఈ పిల్ల దొంగని మెడపట్టి లాక్కొస్తుందని ఆమె నమ్మకం.

ఆ రోజు ఆమె క్లాసులోకి వెళ్ళేసరికి పిల్లలందరూ నిటారుగా, చేతులు కట్టుకుని, గ్రూపు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. వెనక కుర్చీల్లో అబ్జర్వర్ సారు, పెద్ద మేడమ్. కొత్త మనిషిని చూసి బెదిరారు కాబోలు అనుకుని ఆమె పాఠంలోకి దిగింది.

"ఒక సంఖ్య ఉంది. దాన్ని దానితోనే గుణించినా, ఐదుతో గుణించినా జవాబు ఒకటే వస్తోంది. ఆ సంఖ్య ఏదో మనం కనిపెట్టాలి."

బోర్డు మీద ఒక పక్క ఎక్స్ ఇంటూ ఎక్స్ అనీ, రెండో పక్క ఐదు ఇంటూ ఎక్స్ అనీ రాసింది. "రెండు పక్కలా ఎక్స్ ఉంది కదా. ఇదీ, ఇదీ కొట్టేద్దాం." అటు ఒక గీత, ఇటు ఒక గీత. మిగిలింది ఎక్స్ సమానం ఐదు. దొంగ బోర్డెక్కాడు. సున్నాని సున్నాతో గుణించినా సున్నాయే, ఐదుతో గుణించినా సున్నాయే, కాబట్టి సున్నా కూడా జవాబే. ఆ గీత కింద సున్నా మాయమైపోయింది. ఇప్పుడు ఎవరో ఒకరు లేవాలి. లేచి అడిగితే, అప్పుడు అసలు పద్ధతి చూపించి, పాఠాన్ని ఎక్కడికో తీసుకెళ్ళాలని ఆమె ఆశ.

ఎవరూ లేవలేదు.

"సరిచూడండి," అంది. అందరూ తలలు వంచి సరిచూశారు. ఐదైదులు ఇరవై ఐదు, రెండు పక్కలా ఇరవై ఐదే. "సరిపోయింది మేడమ్," అన్నారు ముక్తకంఠంతో. సరిపోదా మరి. దొరికిన జవాబు నిఖార్సయినదే, పోయినదాన్ని సరిచూడటం ఎవరి తరం?

"బాగా చూడండి. నేను చేసినదాంట్లో ఎవరికైనా అనుమానం ఉందా?"

"లేదు మేడమ్."

"ఒక్కరికి కూడా లేదా?"

ఆమె చూపు మూడో బెంచీ మీదికి వెళ్ళింది. ఎందుకమ్మ తల వంచుకుని బెంచీ చెక్కని చూస్తోంది. ఇంతకుముందెన్నడూ ఆ పిల్ల అలా కూర్చోలేదు. "నువ్వేమంటావమ్మా?" అని అడిగితే లేచి నిలబడి, ఎటో చూస్తూ, "చాలా బాగా అర్థమైంది మేడమ్," అని కూర్చుంది.

చిన్న మేడమ్ మళ్ళీ సుద్ద అందుకుంది. ఇంకో లెక్క అలాంటిదే ఇచ్చింది, అందరూ ఎక్స్‌ని కొట్టేసి పండగ చేసుకున్నారు. "ఎక్స్ ఏ సంఖ్యయినా కావచ్చు కదా, ఏదైనా," అని 'ఏదైనా' మీద బరువంతా వేసి చెప్పింది. తలలు ఊపారు. వెనక అబ్జర్వర్ సారు కలం రాయడం మానేసి ఆమెనే చూస్తున్నారు. ఇక తనే బయటపెట్టాలి, ఇంకొక్క నిమిషం చూద్దాం, ఒక్క నిమిషం. ఆల్జీబ్రా సారు కూడా గంట కొట్టబోయే ముందే కదా అడిగేది. సరిగ్గా ఆ నిమిషంలోనే పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచారు.

"చాలా చక్కగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టండి," అన్నారు.

పిల్లలు ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు. బల్లలు కూడా కొట్టారు. ఆ మోతలో చిన్న మేడమ్, "ఆగండి, కూర్చోండి, ఒక తప్పుంది," అంటున్నది ఎవరికీ వినపడలేదు. ఆ మోతలోనే గంట కూడా కొట్టింది. డ్రిల్లు మాస్టారు గుమ్మంలో ఈల పట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్ళముందే క్లాసు ఖాళీ అయిపోయింది. బోర్డు మీద దొంగ దర్జాగా మిగిలాడు.

అబ్జర్వర్ సారు చెడ్డమనిషేం కాదు. అయి ఉంటే ఆమెకి తిట్టుకోవడానికైనా ఒకరు ఉండేవారు. వరండాలో ఆయన కిటికీ పక్కకి జరిగి, ఆమెకి నిలబడటానికి నీడనిచ్చి, నెమ్మదిగా అడిగారు.

"ఎక్స్‌తో భాగించేశావు. సున్నా ఏమైంది?"

"తెలుసు సార్. అది కావాలనే చేశాను. పిల్లలు పట్టుకుంటారని."

"పట్టుకున్నారా?"

"లేదు సార్."

"నువ్వు చెప్పావా?"

"చెప్పబోయాను. గంట కొట్టేశారు."

"ప్లాన్‌లో రాశావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చూడమ్మా," అన్నారాయన. "నేను ఎన్నో ఏళ్ళుగా పాఠాలు చూస్తున్నాను. తప్పు చేసినవాళ్ళలో సగంమంది కావాలనే చేశామంటారు. వాళ్ళలో ఒకరో ఇద్దరో నిజమే చెప్పి ఉంటారు. ఎవరో నాకెలా తెలుస్తుంది? నేను చూసిందేంటి, నువ్వు తప్పు చెప్పావు, పిల్లలు నేర్చుకున్నారు, చప్పట్లు కొట్టారు. నువ్వు లెక్కలమ్మాయివి. నేను నమ్మడానికి ఒక్క రుజువు చూపించు, ఫెయిల్ అని రాసింది ఇప్పుడే దిద్దుకుంటాను."

ఇన్నేళ్ళూ ఆమె చేసింది రుజువులే. అనంతమైనవాటికి రుజువులు, కంటికి కనపడనివాటికి రుజువులు, ఒకటి కన్నా సున్నా చిన్నదన్నదానికి కూడా రుజువు. తన మనసులో పొద్దున ఏముందో దానికి మాత్రం రుజువు లేదు. ఆమెకి ఏడుపొచ్చింది. అది చూసి ఆయన ఇంకా ఇబ్బందిపడి, కళ్ళజోడు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

స్టాఫ్ రూములో పెద్ద మేడమ్ ఆమె కోసమే ఎదురుచూస్తున్నారు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "నేనూ చూశానమ్మాయ్, నువ్వు కొట్టేసినప్పుడే," అన్నారు. "కంగారులో జారిందనుకున్నాను. నీ ముఖం చూస్తే పాలిపోయి ఉంది, అడిగిందే అడుగుతున్నావు. ఆయన కనిపెట్టకముందే ముగించేస్తే నయమని లేచాను. రేపు క్లాసులో నేను దిద్దుకుంటాలే, పిల్లలకేం కాదు."

"కావాలనే చేశాను మేడమ్."

ఆవిడ పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. "నాకొక్క మాట చెప్పి ఉంటే," అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండానే కొంగుతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత ఆవిడ హెడ్మాస్టరుని వెంటబెట్టుకుని యూనివర్సిటీకి కూడా వెళ్ళొచ్చారు. అక్కడివాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మర్యాదగా మాట్లాడి పంపించారు.

మిగిలింది ఆల్జీబ్రా సారు. ఆయనకైతే చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది, ఆయన చెప్తే కాదనేవాళ్ళుండరు అనుకుని ఆమె పరుగున వెళ్ళింది. సారు ఆసాంతం విన్నారు. వింటున్నంతసేపూ చేతిలో సుద్దముక్కని నలుపుతూనే ఉన్నారు.

"ఎవరికి చెప్పి ఉంచావు?" అన్నారు.

"ఎవరికీ చెప్పలేదు సార్. చెప్తే ఇంకేముంది?"

"అయ్యో," అన్నారాయన. "నేను ముందు రోజే ఒకరికి చెప్పి ఉంచుతాను. ఎవరూ పట్టుకోకపోతే వాళ్ళు లేచి అడుగుతారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. లేకపోతే ఎలా, బోర్డు మీద తప్పు వదిలేసి ఇంటికెళ్ళి నిద్రపోగలనా?"

ఇన్నేళ్ళూ ఆ పక్క బెంచీలోనో ఈ పక్క బెంచీలోనో ఒక కాపలావాడు కూర్చుని ఉన్నాడన్నమాట. ఆ ఒక్క కిటుకూ తెలియక, మిగతా అంతా నేర్చుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదేం సార్?"

"నువ్వెలాగూ పట్టుకునేదానివి కదమ్మా. నీకెందుకు చెప్తాను."

సారు ఆమె ముందే అబ్జర్వర్ సారుకి ఫోన్ చేశారు. ఈ అమ్మాయికి ఆ నియమం తెలుసు, నా క్లాసులో స్వయంగా పట్టుకుంది, నేను పూచీ అన్నారు. అవతలి మాటలు ఆమెకి వినపడలేదు గానీ, సారు మధ్యమధ్య 'నిజమే', 'అదీ నిజమే' అనడం వినపడింది. ఫోన్ పెట్టేసి ఆయన కిటికీ వైపు తిరిగారు. "తెలిసినవాళ్ళు కూడా కంగారులో తప్పు చేస్తారు అంటున్నాడు. కాదని నేనెలా అంటాను? నేనూ చేస్తాను." ఆ తర్వాత ఆయన బోర్డు మీద మళ్ళీ దొంగ కనపడలేదని పిల్లలు చెప్పుకున్నారు. అది ఆమె మనసుని ఇంకాస్త కోసింది. ఆమె పాడుచేసుకున్నది తన ఏడాది ఒక్కటే కాదు.

ఫలితాలొచ్చిన రోజు అన్నయ్య పనికి వెళ్ళలేదు. ఆమె చెప్పింది మొదటినుంచీ చివరిదాకా విన్నాడు, అర్థం చేసుకోవడానికి శతవిధాలా ప్రయత్నించాడు.

"అంటే అది తప్పని నీకు ముందే తెలుసు."

"తెలుసు."

"తెలిసి రాశావు."

"ఊ."

"పంతులమ్మా, నేను కావాలని తప్పు వైరు కలిపేసి, ఎవరు కనిపెడతారో చూద్దామని కూర్చుంటే ఏమవుతుందే? కొంప తగలబడుతుంది కదే." వేళాకోళానికి అన్నా, నవ్వు రాలేదు అతనికి. లేచి వెళ్ళి, బాగానే ఉన్న వంటింటి స్విచ్చి విప్పి, మళ్ళీ బిగించాడు. వదిన బీరువా పైఅర వైపు చూడకుండా తిరగడం అలవాటు చేసుకుంది.

ఫ్యాన్లు బాగుచేసే ఇళ్ళల్లో అన్నయ్య ఏం చెప్తున్నాడో ఆమె అడగలేదు. పెద్ద మేడమ్ రిటైరయ్యారు. ఆవిడ కుర్చీలోకి ఎవరో సారు వచ్చారు. ఆమె మళ్ళీ యూనివర్సిటీకి, తనకన్నా చిన్నవాళ్ళతో కలిసి, అవే పాఠాలు వినడానికి వెళ్ళడం మొదలుపెట్టింది. బస్సులో వెళ్తుంటే ఇదంతా ఒక్క మాటతో తప్పిపోయేది కదా అనిపించేది. ఆ పిల్ల ఒక్కసారి 'ఎందుకు మేడమ్?' అని ఉంటే చాలు. అదేం రోగమో, ఏడాదంతా నోరు మూతపడని పిల్ల ఆ ఒక్క గంటా మూగదైపోయింది. కోపమొచ్చేది. పిల్ల మీద కోపమేంటి సిగ్గు లేకుండా అని తనని తనే తిట్టుకునేది.

అలాంటి ఒక పొద్దున బస్ స్టాపులో, "చిన్న మేడమ్!" అని వెనకనుంచి కేక వినపడింది. ఎందుకమ్మ. పదో తరగతిలోకి వచ్చినట్టుంది, కాస్త పొడుగైంది. పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ, ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"మీరొస్తారని ఎంత చూశామో తెలుసా మేడమ్? పెద్ద మేడమ్ చోట్లో మీరే వస్తారని అందరం అనుకున్నాం. ఎవరో సారొచ్చారు."

"అలాగా. బాగా చెప్తారా?"

"చెప్తారు." ఆ పిల్ల అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగింది. "మేడమ్, మీకో సంగతి చెప్పాలి. ఏమీ అనుకోకూడదు."

"చెప్పు."

"ఆ రోజు మీ పరీక్షప్పుడు, మీరు ఎక్స్ కొట్టేశారు చూడండి. అక్కడ సున్నా పోయింది మేడమ్. పెద్ద మేడమ్ మర్నాడు చెప్పారులెండి. కానీ నాకు అప్పుడే తెలిసిపోయింది. మీరు గీత గీస్తుండగానే."

చిన్న మేడమ్ ఆ పిల్ల వైపు పూర్తిగా తిరిగింది. "మరి అడగలేదేం?"

"ఎలా అడుగుతాను? పొద్దున్నే పెద్ద మేడమ్ వచ్చి చెప్పారు కదా. ఇవాళ చిన్న మేడమ్‌కి పరీక్ష, ఎవరూ అడ్డదిడ్డమైన ప్రశ్నలేసి ఇరుకున పెట్టొద్దు, ఆవిడ పాసైతే మీకే టీచరుగా వస్తుంది అని. నా వైపే చూస్తూ చెప్పారు." పిల్ల నవ్వింది. "నాకసలు ఊరుకోవడం చాతకాదు కదా మేడమ్. అందుకని నా పక్కదాన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకోమన్నాను, ఎక్కడ ఎత్తేస్తానోనని. మీరు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. అయ్యో, మేడమ్‌కి ఎక్కడో అనుమానం వచ్చినట్టుంది, బయటపడితే ఫెయిలైపోతారేమో అని, దేవుడా దేవుడా అనుకుంటూ కూర్చున్నాను. అది పట్టుకున్న చోట నా చెయ్యి కమిలిపోయింది తెలుసా."

ఇన్నాళ్ళూ ఆమె ఎవరి మీద కోపం పెట్టుకుందో ఆ పిల్ల, ఆమె కోసం తన చెయ్యి తనే కట్టేయించుకుని కూర్చుంది.

"పాసయ్యారు కదా మేడమ్?"

పిల్ల ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది. నిజం చెప్తే ఈ పిల్ల ఏమవుతుందో ఆమెకి తెలుసు. నా వల్లే మేడమ్ ఏడాది పోయింది అని జన్మంతా మోస్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఏదో ఒకటి చెప్పాలి, తనకి చదువు చెప్పినవాళ్ళలో ఎవరు ఇక్కడుంటే ఏం చెప్పేవారో అనుకుంది. ఏమీ తోచలేదు.

"పాసయ్యాను," అంది.

"చూశారా," అంది పిల్ల, మొహం వెలిగిపోతుంటే. "నేను మావాళ్ళకి చెప్తూనే ఉన్నాను. అప్పటినుంచీ నేను మారిపోయాను మేడమ్. క్లాసులో ఎందుకు అని అడగడమే మానేశాను. ఎవరినీ ఇరుకున పెట్టను. మొన్న కొత్త సారు బోర్డు మీద గుణకారం తప్పు చేశారు. అందరం చూశాం. ఒక్కళ్ళం కూడా కదల్లేదు. పాపం, ఆయనకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు కదా."

"అలా ఊరుకోకూడదమ్మా. అడగాలి," అంది ఆమె. "తప్పు కనపడితే అడగాలి. నేను చెప్తున్నా కదా, ఎప్పుడూ అడగాలి."

"మీరు మంచివాళ్ళు కాబట్టి అలాగే అంటారు మేడమ్," అంది పిల్ల ప్రేమగా. "ఇంతకీ ఏ స్కూల్లో చెప్తున్నారు?"

స్కూలు వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. పిల్ల జవాబు కోసం ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగి చూసింది. వెనకాలవాళ్ళు తోస్తే లోపలికి వెళ్ళిపోయి, కిటికీ దగ్గర సీటు సంపాదించుకుని, నవ్వుతూ చెయ్యి ఊపింది. బస్సు కదిలేదాకా ఆమె కూడా ఊపుతూ నిలబడింది, తర్వాత యూనివర్సిటీ బస్సెక్కింది.